ఎడమ కాలి మీద అచ్చు

ఆ ఆదివారం పొద్దున్నే భవ్యశ్రీ, బిందు కాశీబుగ్గ బజారులో త్రినాథ్ బూట్ల దుకాణానికి వెళ్లారు. ఇద్దరూ కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కినవాళ్లే. ఇంకో పద్దెనిమిది రోజుల్లో శ్రీకాకుళంలో పరుగు పరీక్ష. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఒక్క సెకను దాటినా మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవడమే. అందుకని ఇద్దరూ టెక్కలిలో ఒక గది అద్దెకు తీసుకుని, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చిన ఉమాపతి మాస్టారి దగ్గర రోజూ పరుగు నేర్చుకుంటున్నారు.

రెండు వారాల కిందట మైదానంలో చిన్న గుంటలో అడుగు పడి భవ్యశ్రీ కుడి చీలమండ బెణికింది. మానేసి పడుకునే రోజులు కావవి. మందుల షాపులో నొప్పి మాత్రలు అడిగి తెచ్చుకుని, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగుతూ పరిగెడుతూనే ఉంది. పాత బూట్లు అరిగిపోయాయి. కాలికి దన్నుగా ఉండే బూట్లు కావాలని ఆమె పట్టుదల.

త్రినాథ్ రెండు డబ్బాలు విప్పి ముందు పెట్టాడు. రెండూ మెత్తటి అల్లిక బూట్లే. ఒకటి హైటాప్, ఒకటి లోటాప్.

"రెండూ ఒకే కంపెనీ, అడుగు కూడా ఒకటే. పైనే తేడా," అన్నాడు. "హైటాపైతే మేజోడులాగ సీలమండ మీదికొచ్చి పట్టుకుంటాది. ఇసుక లోపలికి పోదు. బారువ ఒడ్డున పరిగెట్టే కుర్రోలు ఇవే అడుగుతారు. కానీ తొడుక్కోడానికి యాతన. ఎండకి కాలు ఉడికిపోతాది. లోటాపు తేలిక, గాలాడతాది, మడం తిరగడానికి అడ్డుండదు. టైము సూసుకుని పరిగెట్టేవోలకి లోటాపే మంచిది సెల్లీ."

"బెణికిన కాలికి హైటాపే గట్టి కదా అన్నా?" అంది భవ్యశ్రీ.

"అందరూ అలగే అనుకుంటారు. ఎంత పైకొచ్చినా అది గుడ్డే కదా. పట్టుకున్నట్టు ఉంటాది గానీ, కాలు మడతపడితే ఆపలేదు. దన్ను గావాలంటే కట్టు కట్టుకోవాల."

బిందు ఆ మాట విని లోటాప్ తీసుకుంది. ఇద్దరిదీ ఆరో నంబరే. భవ్యశ్రీ మాత్రం హైటాప్ తొడుక్కుని, దుకాణం ముందు నుంచి వీధి చివరి కరెంటు స్తంభం దాకా నాలుగుసార్లు పరిగెత్తి వచ్చింది. కాలిని ఎవరో అరచేతులతో పట్టుకున్నట్టు హాయిగా అనిపించింది. బల్ల మీద కూర్చుని బూట్లు లాగేసింది.

రెండు చీలమండల పైనా, బూటు అంచు పట్టినచోట, గాడి పడి ఉంది. అల్లికలోని గళ్లు కూడా చర్మం మీద అచ్చుగుద్దినట్టు కనిపిస్తున్నాయి. త్రినాథ్ బూట్లు డబ్బాలో పెట్టబోతూ ఆగాడు. కిందికి వంగి, "ఒకసారి నొక్కి సూడనా అమ్మా?" అని అడిగి, ఎడమ కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాడు. వేలు తీశాక అక్కడ చిన్న గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"ఏ కాలు బెణికింది?"

"కుడిది."

"మరి ఎడం కాలుకేటయింది?"

భవ్యశ్రీ చటుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "బూటు టైటుగా ఉందన్నా. అంతే."

"మా అన్నకీ ముందు సెప్పులే టైటయినాయి," అన్నాడు త్రినాథ్. లేచి వెళ్లి డబ్బాకు తాడు కట్టాడు.

భవ్యశ్రీ హైటాపే కొనుక్కుంది. దన్ను కోసమని బిందుతో చెప్పింది. అది అబద్ధమని బిందుకూ తెలుసు. ఆ బూట్లు వేసుకుంటే చీలమండలు ఎవరికీ కనిపించవు.

ఉద్దానంలో పుట్టినవాళ్లకు కాళ్ల వాపు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కవిటి దగ్గర భవ్యశ్రీ వాళ్ల ఊళ్లో, వాళ్ల వీధిలోనే నలుగురు ఆ కిడ్నీ జబ్బుతో పోయారు. ఆమె మేనమామ మల్లేశ్వరరావు మూడేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వస్తున్నాడు. ఒకప్పుడు ఆయన కొబ్బరిచెట్టెక్కితే గెలల మీద గెలలు దింపేసేవాడు. ఇప్పుడు అరుగు మీంచి లేవడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఊళ్లో రక్తపరీక్షల శిబిరం పెట్టినప్పుడల్లా భవ్యశ్రీ టెక్కలిలో ఉండేది. లేదా ఉన్నానని ఫోన్లో చెప్పేది. ఇరవై మూడేళ్లు. తెలియనంతవరకు లేనట్టే అనుకుంటూ నెట్టుకొచ్చింది.

మర్నాటి నుంచి మైదానంలో ఇద్దరూ కొత్త బూట్లతో దిగారు. బిందు రోజురోజుకీ చురుకవుతోంది. బూట్లు కాలికున్నట్టే లేవని మురిసిపోతోంది. భవ్యశ్రీకి మాత్రం రెండో చుట్టు తిరిగేసరికే కాళ్లు బరువెక్కేవి. బూటులోపల చెమట, పైన బిగువు, ఊపిరి అందకపోవడం. నెల కిందట తొమ్మిది నిమిషాల యాభై సెకన్లలో పరిగెత్తిన పిల్ల ఆ వారం పది నలభైకి పడిపోయింది.

ఉమాపతి మాస్టారు గడియారం చూసి పెదవి విరిచాడు. "ఏటమ్మా ఇది? ఆ బూట్లు తీసి బిందువి వేసుకుని ఒకసారి పరిగెట్టు. సూద్దాం."

"వద్దు మాస్టారూ. నాకివే అలవాటు," అంది. మైదానంలో పాతికమంది ముందు బూట్లు విప్పడం ఆమెవల్ల కాదు.

గదికి వచ్చాక తలుపు వేసుకుని మేజోళ్లు తీసేది. పొద్దుటికన్నా సాయంత్రం గుంట లోతుగా పడేది. వద్దనుకుంటూనే నొక్కి చూసుకునేది. నొక్కినప్పుడల్లా ఇంకో మాత్ర మింగేది, నొప్పి తగ్గితే అన్నీ తగ్గుతాయన్నట్టు.

"పరీక్ష సేయించుకోవే," అంది బిందు ఒకరోజు. "సూత్తన్నాను నాను. నాకు భయమేత్తంది."

"పరుగయ్యాక సేయించుకుంటాను."

"మీ అమ్మకి సెప్పేత్తాను."

"సెప్పు. నన్ను తీసుకెల్లి ఇంట్లో కూకోబెడతాది. నువ్వు కానిస్టేబులైపో." ఆ మాట నోరు జారాక భవ్యశ్రీకే సిగ్గేసింది. ఆ రోజంతా ఇద్దరూ ఒకే గదిలో పరాయివాళ్లలా తిరిగారు.

పరుగు ఇంకా పదకొండు రోజులుందనగా భవ్యశ్రీ ఇంటికి వెళ్లింది. గుమ్మంలో బూట్లు విప్పక తప్పదు కదా. మేజోళ్లు ఉంచేసుకుని లోపలికి నడిచింది. తల్లి వరహాలమ్మ వంటింట్లోంచి చూసి, "మేజోళ్లేటే ఇంట్లో?" అని అడిగింది.

"మడమ పగిలిందమ్మా. మందు రాసుకున్నాను."

మధ్యాహ్నం తల్లి జీడితోటకు వెళ్లింది. మల్లేశ్వరరావు తన ఇంటినుంచి మెల్లగా నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గుమ్మం పక్కనున్న హైటాప్ బూటును చేతిలోకి తీసుకుని, అంచు సాగదీసి వదిలాడు.

"ఇది బూటేటే? మేజోడులాగుంది."

"రెండూను మావా," అని నవ్వబోయింది.

"కాలిలగియ్యి."

"ఏటి లేదు మావా."

"నాను నీ కన్నా ముందు సదువుకున్నానమ్మీ ఈ సదువు. ఇయ్యి."

మేజోడు ఆయనే తీశాడు. నొక్కి చూడలేదు. చూడగానే మొహం కొబ్బరితోట వైపు తిప్పేసుకున్నాడు. ఆయన ముంజేతి మీద, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం కొట్టుకుంటూ ఉంది.

"ఎవులికీ సెప్పకు మావా," అంది భవ్యశ్రీ. "పది రోజులు. పరుగయిపోనీ. అప్పుడు నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వత్తాను."

"నాను రెండేల్లు దాసినాను," అన్నాడు మల్లేశ్వరరావు. "లుంగీ కిందికి కట్టేవోడిని, కాలు కనబడకుండా. మీ అత్తకి కూడా తెలనీనేదు. పంటయిపోనీ అన్నాను. పిల్ల పరీచ్చలయిపోనీ అన్నాను. తెలిసేసరికి డాక్టరు మందు రాయనేదు, డయాలసిస్ మిసను రాసినాడు. అప్పుడు నాకు ఎవులూ సెప్పనేదమ్మీ. నీకు నాను సెప్తన్నాను."

భవ్యశ్రీ మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు. ఏడుపు ఆగాక, "రేపు పొద్దున్న బస్సుకి నాతో రా. అమ్మకి నాను సెప్తాను," అన్నాడు.

మర్నాడు ఆస్పత్రిలో భవ్యశ్రీ రక్తం, మూత్రం ఇచ్చింది. సాయంత్రానికి కాగితం వచ్చింది. ఒకటి లోపు ఉండాల్సిన క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఏడు. రక్తపోటు కూడా ఎక్కువే ఉంది. కాగితం చూసిన డాక్టరమ్మ చిన్న వయసుదే. "ఈమధ్య ఏమైనా మందులు వాడావా?" అని అడిగింది.

భవ్యశ్రీ సంచిలోంచి నొప్పి మాత్రల అట్ట తీసి చూపించి, మూడు వారాలుగా వేసుకుంటున్నానని చెప్పింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పడేసింది.

"మూడు వారాలా? ఎవరిచ్చారు నీకు? కిడ్నీ ముందే నీరసంగా ఉంది. దాని మీద ఇవి రోజుకు రెండు. ఒంట్లో నీరు పట్టేలా చేసేది కూడా ఇవే." తర్వాత గొంతు కొంచెం తగ్గించింది. "ఇప్పుడు ఎంత జబ్బుదో, ఎంత మాత్రలదో చెప్పలేను. ఇవి మానేస్తే కొన్నాళ్లకు తెలుస్తుంది. రోజూ కాళ్లు చూసుకో, నొక్కి చూసుకో. పట్టేసే బూట్లు, మేజోళ్లు వద్దు."

"నాకు వచ్చే గురువారం పరుగుందండి."

డాక్టరమ్మ మూడు రోజులు విశ్రాంతి తీసుకోమంది. రక్తపోటుకు మందు రాసింది. మూడో రోజుకి వచ్చి చూపించుకోమంది. "అప్పటికి వాపు దిగి, రక్తపోటు అదుపులో ఉంటే పరిగెత్తు. లేకపోతే వద్దు. నొప్పి పుట్టినా మాత్ర మాత్రం ముట్టకు. సరేనా?"

ఇంటికి వచ్చాక వరహాలమ్మ ఏడవలేదు. కాగితం తెలుగులో లేకపోయినా దాన్ని పట్టుకుని కూర్చుంది. "నీకు మొదట ఎంతున్నాది తమ్ముడూ?" అని అడిగింది.

"నాకు తెలిసేసరికి ఆరు."

"ఇది ఒకటిన్నర దాటింది. అంతేనా?"

"అంతే అక్కా."

ఆమె లేచి వెళ్లి కూతురి పక్కన పడుకుంది. పగటిపూట ఆమె నడుం వాల్చడం భవ్యశ్రీ ఎప్పుడూ చూడలేదు. తల్లి చెయ్యి తన చీలమండ మీదే ఉండిపోయింది.

మూడో రోజుకి వాపు చాలావరకు దిగింది. డాక్టరమ్మ చూసి సరేనంది. భవ్యశ్రీ టెక్కలి వెళ్లి, గదిలోకి అడుగుపెడుతూనే బిందుకు అంతా చెప్పేసింది. ఆ రోజన్న మాటకు క్షమించమని కూడా అంది. బిందు తన లోటాప్ బూట్లు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నీవి నాకియ్యి. నాకేటి, ఎందులోనైనా పరిగెత్తుతాను."

ఉమాపతి మాస్టారు స్వయంగా కుడి చీలమండకు సాగే పట్టీ కట్టడం నేర్పించాడు. మరీ బిగించకుండా, కాలు మడతపడకుండా. కట్టు కట్టి, దాని మీద లోటాప్ వేసుకుంటే చీలమండ ఎవరికైనా కనిపిస్తూనే ఉంటుంది. మొదటిరోజు మైదానంలో ఒకమ్మాయి, "కాలు వాచిందేటక్కా?" అని అడిగేసింది. "వాచింది. మందు వాడతన్నాను," అంది భవ్యశ్రీ. అన్నాక చూస్తే, ఆ మాట అనుకున్నంత కష్టంగా లేదు.

శ్రీకాకుళంలో ఆ గురువారం పొద్దున్న ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నాలుగు చుట్లు. మొదటి రెండూ తేలిగ్గానే గడిచాయి. మూడో చుట్టులో కుడి కాలి నొప్పి మొదలైంది. ఒక్కో అడుగుకీ సూదితో పొడిచినట్టు. అన్నాళ్లూ మాత్రలు కప్పిపెట్టిన నొప్పి మొత్తం అప్పుడే తెలిసింది. ఆగిపోదామనిపించింది. ముందు పరిగెడుతున్న పిల్ల జడ మీదే చూపు పెట్టుకుని, అది దూరం కాకుండా మాత్రం చూసుకుంది. గీత దాటి గడ్డి మీద కూలబడ్డాక ఎవరో అంకె చదివారు. పది నిమిషాల ఇరవై రెండు. మోకాళ్ల మీద లేచి, ముందు కాలు నొక్కి చూసుకుంది. తర్వాతే నవ్వింది.

రెండో జట్టులో బిందు కూడా గట్టెక్కింది. "ఉడికిపోయినాను తల్లీ ఈ బూట్లలో," అంటూ అక్కడికక్కడే విప్పి పారేసింది.

మూడు నెలల తర్వాత, చివరి రాతపరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్న రోజుల్లో, భవ్యశ్రీ మళ్లీ రక్తం ఇవ్వడానికి వెళ్లింది. బిందు తోడు వచ్చింది. ఈసారి ఒకటి పాయింట్ నాలుగు. మాత్రల భారం దిగిపోయిందని, మిగిలింది జబ్బేనని డాక్టరమ్మ చెప్పింది. దాన్ని పోగొట్టలేమని, పెరగకుండా చూసుకోవచ్చని, రేపు ఉద్యోగం వైద్యపరీక్షలో ఏమంటారో తాను చెప్పలేనని కూడా దాచకుండా చెప్పింది. భవ్యశ్రీ అన్నీ విని, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

బయట బల్ల మీద కూర్చున్న బిందు, తమ వంతు అయిపోయిందనుకుని లేవబోయింది. భవ్యశ్రీ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు కూడా ఇయ్యి."

"నాకేటవనేదు కదే."

"నాకూ ఏటవనేదనే అనుకున్నాను."

బిందు వాళ్లదీ ఉద్దానమే. కంచిలి పక్క ఊరు. వాళ్ల నాయన ఏ జబ్బుతో పోయాడో ఇంట్లో ఎవరూ పైకి అనరు. రక్తం తీసే ఆయన గుమ్మంలోకి వచ్చి, "ఇంకెవరైనా ఉన్నారా?" అని కేకేశాడు.

బిందు లేచింది. లోపల కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి, మొహం అవతలికి తిప్పేసుకుంది. రెండో చేత్తో భవ్యశ్రీ వేళ్లను నొప్పెట్టేలా పట్టుకుంది. కాగితం రేపు వస్తుందన్నారు. ఇద్దరూ బయటికి వచ్చి టెక్కలి బస్సు ఎక్కారు.