బుధవారంతో తీరే గడువు

ఆళ్లగడ్డ ఆఫీసులో అటెండరు సుందరరాజును సస్పెండ్ చేసి వచ్చే బుధవారానికి ఆరు నెలలు. రికార్డు గదిలోంచి ఎవరివో భూమి కాగితాలు మాయం చేశాడని అతని మీద ఆరోపణ. గడువు లోపల పై అధికారి పొడిగింపు ఉత్తర్వు మీద సంతకం పెట్టాలి, అది సుందరరాజు చేతికి అందాలి. అందకపోతే గురువారం పొద్దున అతన్ని డ్యూటీలోకి తీసుకోక తప్పదు. ఇంకో ఐదు నెలల్లో అతని రిటైర్మెంటు. సస్పెన్షన్ పొడిగిస్తే దొంగ అన్న పేరుతోనే ఇంటికి పోతాడు.

ఆ ఫైలు చూసే గుమాస్తా నంద్యాల ఆఫీసులో కరుణాకర్. చిక్కేమిటంటే సుందరరాజు అతని భార్యకు చిన్నాయన. ఈ చుట్టరికం ఆఫీసులో ఎవరికీ తెలియదని కరుణాకర్ నమ్మకం, అందరికీ తెలుసని అనుమానం. రెండూ ఒకే కడుపులో పెట్టుకుని ఆర్నెల్లుగా అన్నం తింటున్నాడు, పాపం.

సోమవారం చూస్తే ఫైలు హెడ్ క్లర్కు చెన్నకేశవులు టేబులు మీద అట్టడుగున ఉంది. అధికారేమో శ్రీశైలం క్యాంపుకు వెళ్లాడు. కరుణాకర్ గుర్తు చేస్తే చెన్నకేశవులు తలెత్తకుండానే, తాను చూసుకుంటానులే పొమ్మన్నాడు.

చుక్క తప్పినా కాగితం వెనక్కి విసిరికొట్టే మనిషికి ఇంత నిదానం ఎక్కడిది? గడువు దాటాక సంజాయిషీ అడిగేది ఎవరిని? గుమాస్తాను. ఆ గుమాస్తా ఎవరు? సుందరరాజుకు అల్లుడు వరస. ఇది తన కోసం తవ్విన గొయ్యే అనుకున్నాడు కరుణాకర్. గడివేములలో పొలాలున్న ఆసామి చెన్నకేశవులు, చర్చికి పోయే తన మీద ఆయనకు ప్రేమెందుకు ఉంటుంది? పోయిన వారం సుందరరాజు ఇంటికొచ్చి కాఫీ తాగి, ఫైలు మాటే ఎత్తకుండా వెళ్లడం కూడా అనుమానంగానే తోచింది. అనుమానం పట్టినవాడికి కాఫీ గ్లాసు కూడా సాక్షిలాగే కనిపిస్తుంది.

చెన్నకేశవులు భోజనానికి వెళ్లగానే కరుణాకర్ ఉత్తర్వు టైపు చేసుకుని, ఫైలు లాగి శ్రీశైలం బస్సెక్కాడు. మంగళవారం అధికారి మిగతా కాగితాలతో పాటు దాని మీదా చదవకుండానే సంతకం గీకాడు. కరుణాకర్‌కు జ్వరం దిగినట్టయింది.

బుధవారం మధ్యాహ్నం సంచి ఒళ్లో పెట్టుకుని, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాడు. సుందరరాజు భార్య లూదియా బొగ్గుల పెట్టెతో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. రేపు డ్యూటీకట. ఆ మాట విని కరుణాకర్ గడప దగ్గరే ఆగిపోయాడు.

కరుణాకర్ సంచిలోంచి తీసిచ్చిన ఉత్తర్వును సుందరరాజు రెండుసార్లు చదివాడు. లూదియా పెట్టె పక్కన పెట్టింది.

“మీ హెడ్ క్లర్కు నాతో ఈడ పని చేసినోడు,” అన్నాడు సుందరరాజు. “ఆ కాగితాలు నేను తీలేదని ఆయనకు తెలుసు. గడువు దాటనిస్తా, గురువారం పొద్దున్నే వచ్చి డ్యూటీలో చేరుకో అన్న్యాడు.”

“నాకెందుకు చెప్పలేదు మామా?”

“ఆయన చెప్తాననె. నేనే వద్దంటి. నీకు తెలిస్తే రేపు నీ మీదికొస్తాదని.”

కరుణాకర్‌కు ఏడుపొచ్చింది. చేసిందంతా చేసి ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

సుందరరాజు పెన్ను తీసుకుని, ఉత్తర్వు అందినట్టు సంతకం చేశాడు. తేదీ దగ్గర చెయ్యి ఆపి అల్లుడి మొహంలోకి చూశాడు. రేపటి తేదీ వేస్తే చాలు, ఉత్తర్వు గడువు దాటాక అందినట్టే. ఇంట్లో ముగ్గురే ఉన్నారు.

ఈ మనిషి నిజంగా అడుగుతున్నాడా, తనను పరీక్షిస్తున్నాడా? బస్సు దిగడం ఎవరైనా చూసుంటారా? టికెట్టు మీద తేదీ ఉంటుందేమో?

“ఈ పొద్దు తేదీనే వెయ్యి మామా,” అన్నాడు కరుణాకర్.

సుందరరాజు వేశాడు.