పక్క గాడిలో నేను

నేను ఒక ర్యామ్‌ని. కంప్యూటరు పెట్టె విప్పి చూస్తే లోపల దువ్వెనంత పొడవున, సన్నని గాడిలో దిగేసి ఉండే పచ్చని పలకను. అందరూ నన్ను మెమొరీ అంటారు గానీ, కరెంటు పోయిందంటే చేసిన పని ఒక్కటీ నాకు గుర్తుండదు. ఆ పేరు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది. మనుషుల మాటలు, వాళ్ల చేతులు మాత్రం ఎందుకో మరపు రావు.

సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో, ముఖానికి ముసుగు కట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. మొదట అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు చేరాను. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పిల్లలు నెంబరు కొట్టి, తెర వైపు చూడలేక కళ్లు మూసుకునేవాళ్లు. వాళ్ల కంటే ముందు ఆ ఫలితాన్ని మోసింది నేనే. పాసైనవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టారు, తప్పినవాళ్లు కంప్యూటర్ని తిట్టారు. ఆ సెంటరు మూతపడ్డాక, ధర్మవరం ఓబులపతి నన్ను కొని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాడు.

ఓబులపతి, అతని భార్య చౌడేశ్వరి పట్టుచీరలకు డిజైన్లు గీసి నేతగాళ్లకు ఇచ్చేవాళ్లు. వాళ్లు పెద్దమ్మా అని పిలిచే పక్కింటి యశోదమ్మ తన పెళ్లిచీరను తానే నేసుకున్న మనిషి. దాని కొంగు నిండా హంసల బారు. మంచం పట్టాక ఆమె చౌడేశ్వరిని పిలిచి, ఆ చీరను చేతిలో పెట్టి చెప్పిందట:

"చీర నాతోనే రావల్ల. హంసలు మాత్రం మగ్గం మీదే ఉండల్ల."

ఓబులపతి భూతద్దం పట్టుకుని పోగులు లెక్కపెట్టి పైకి చెబుతుంటే, చౌడేశ్వరి తెర మీద పోగుకో గడి చొప్పున నింపింది. కొంగు పూర్తికావచ్చింది. ఇంతలో యశోదమ్మ పోయింది. ఆమె కోరినట్టే ఆ చీర కట్టి సాగనంపారు. ఇక హంసలు మిగిలింది కంప్యూటర్లోనే.

బొమ్మ పెద్దదై కంప్యూటరు నత్తలా నడుస్తోందని ఓబులపతి నన్ను తెచ్చాడు. పాత ర్యామ్ పక్క గాడిలో నన్ను నొక్కి, చేతులు దులుపుకున్నాడు. కాసేపు పని పరుగెత్తింది. తరువాత ఉన్నట్టుండి తెర నీలంగా మారి, అంతా ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే. మూడోసారి, చౌడేశ్వరి బొమ్మను సేవ్ చేస్తుండగానే ఆగింది. ఆ తరువాత ఆ ఫైలు తెరుచుకోలేదు. ఇంకో నకలు సీడీలోకి ఎక్కించాలని అనుకుంటూనే ఉన్నారు తప్ప ఎక్కించలేదు.

చౌడేశ్వరి ఏడవలేదు, తిట్టలేదు. భర్తతో మాట్లాడటం మానేసింది. అది ఓబులపతికి తిట్ల కంటే కష్టంగా ఉండింది.

అతను పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. నన్ను తీసేసి పాతదాన్ని ఒక్కదాన్నే ఉంచాడు. బాగానే నడిచింది. పాతదాన్ని తీసి నన్ను ఉంచాడు. నేనూ బాగానే నడిచాను. ఇద్దరినీ పెడితే మాత్రం నీలం తెర. గాడులు మార్చాడు, నా అంచున మెరిసే పళ్లను రబ్బరుతో తుడిచాడు. చివరికి మా ఒంటి మీది చీటీలు వెలుతురుకు పట్టి చదివితే తెలిసింది, నా వేగం వేరు, దాని వేగం వేరని. కంప్యూటరే సర్దుకోవలసిన సంగతి అది. ఈ పాత పెట్టె సర్దుకోలేకపోయింది. సెట్టింగుల్లోకి వెళ్లి, పాతది అందుకోగలిగేంతకు నన్ను తగ్గించాడు. రెండు రోజులు ఆపకుండా నడిపి చూశాడు. తెర మళ్లీ నీలమవలేదు.

"మిషను బాగయింది మే," అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"మిషను బాగయితే సరా? పెద్దమ్మ హంసలు యాడుండాయి?" ఇన్ని రోజులకు ఆమె ఆడిన మొదటి మాట అది.

అతను వెనక్కి వచ్చి కంప్యూటరు పక్కన కూర్చున్నాడు. తరువాత మెల్లగా, తను లెక్కపెట్టిన పోగుల వరస అందుకున్నాడు. మెడకు ఎన్ని, రెక్కకు ఎన్ని, ఎక్కడ పోగు వదలాలి. నెలల తరబడి పైకి చెప్పి చెప్పి నోటికి వచ్చేసింది మరి. చౌడేశ్వరి చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. అంకెలు అతని నోట్లో ఉన్నాయి, వంపులు ఆమె కళ్లలో ఉన్నాయి. అతను తడబడిన చోట ఆమె గీసి చూపించింది, ఆమె ఆగిన చోట అతను లెక్క అందించాడు. పెట్టెలో పాతదీ నేనూ ఇద్దరం ఆ హంసలను మోస్తూ కూర్చున్నాం.

ముక్కు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. తెరిచి ఉందని ఆమె, మూసి ఉందని అతను. ఆమె మాటే నెగ్గింది. చీర మగ్గం దిగిన రోజున వీధిలోని ముసలమ్మలు వచ్చి చూశారు. యశోదమ్మ హంసలు ఇట్ల నోరు తెరిచేవి కాదని ఒకామె అంది. తెరిచేవే, నీకు చూపు తగ్గిందని ఇంకొకామె అంది. చౌడేశ్వరి ఆ కొత్త చీర కొంగు ముఖానికి ఆనించుకుని, లోపలికి వెళ్లిపోయింది.

తరువాత ఎన్ని కొంగులు మోశామో లెక్క లేదు. కొన్నేళ్లకు కొత్త కంప్యూటరు వచ్చింది. ఓబులపతి మమ్మల్ని పీకి పాత సామాన్ల సంచిలో పడేయబోయాడు.

"ఆ రెండిట్నీ ఒకే కవర్లో వేయి," అంది చౌడేశ్వరి, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

ఇప్పుడు హిందూపురంలో ఒక పాత సామాన్ల కొట్టు చూరు కింద ఉన్నాం. రేపు ఎటు పోతామో తెలియదు. వాన జల్లు పడినప్పుడు కవరు మీద చప్పుడవుతుంది. లోపల ఇద్దరం పొడిగానే ఉన్నాం.