లోపలే ఉన్న పదముగ్గురు

కన్నతల్లిని చూసుకోడానికి ఎవడి అనుమతో కావాలంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? మకాతో అనే ఆ ముసలామెకి ఇరవై ఏళ్ళుగా మండుతూనే ఉంది. అంతకుముందు ఆ మాత్రం అనుమతి కూడా లేదు, కంచె దగ్గరికే రానిచ్చేవారు కారు.

ఆ కంచె లోపల ఒకప్పుడు ఊరుండేది. యుద్ధం ముగిసి దీవి తమ చేతికి వచ్చాక అమెరికా వాళ్ళు బుల్డోజర్లతో చిలగడదుంప చేలనూ, బావినీ, ఇళ్ళనూ చదును చేసి విమానాల స్థావరం కట్టుకున్నారు. కొండవాలులో ఉండబట్టి మకాతో వాళ్ళ చిబానా కుటుంబం సమాధి ఒక్కటి మిగిలింది. తాబేలు వీపులా గుండ్రంగా, ఇల్లంత ఉంటుంది. నలభై అయిదు ఏప్రిల్‌లో అమెరికా ఓడల మీంచి గుండ్లు కురుస్తుంటే, ఇంటిల్లిపాదీ దాని తలుపు రాయి జరిపి, తాతముత్తాతల ఎముకల కుండల మధ్య తలదాచుకున్నారు. అమ్మ నీళ్ళకని బయటికి వెళ్ళి, ఆ వాకిట్లోనే కూలిపోయింది. ఆమెను లోపలికి లాక్కొచ్చింది మకాతోనే. అది ఏ తేదీయో ఎవరికీ గుర్తు లేదు. అందుకే ఏటా వసంతంలో, సమాధుల దగ్గర అందరూ కూర్చుని భోంచేసే షీమీ పండగ రోజునే అమ్మ తద్దినం కూడా పెడతారు.

ఈ ఏడు ముప్పైమూడోది. అదే ఆఖరిది. దీంతో పోయినవాళ్ళు దేవుళ్ళలో కలిసిపోతారు, ఇక విడిగా పేరు పెట్టి పిలవడం ఉండదు. అమ్మను 'అమ్మా' అని పిలిచి అన్నం పెట్టే అవకాశం మకాతోకి ఈ ఒక్క పూటే మిగిలింది. స్థావరం వాళ్ళు ఇచ్చిన గడువేమో పది నుంచి పన్నెండు. అమ్మతో రెండు గంటలు!

ఏటా దరఖాస్తు నింపేది తమ్ముడు సేయ్‌కో. ఈసారి చెరకు కొడుతుంటే కత్తి జారి అతని చెయ్యి తెగింది. దాంతో మకాతోనే కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంది. 'ఆ రోజు సమాధి వద్ద హాజరయ్యేవారి పేర్లు, సంఖ్య' అని అడిగారు. ఇందులో ఆలోచించాల్సిందేముంది? పెద్దల పేర్లు ముందు రాయాలి కాబట్టి ముత్తాతతో మొదలుపెట్టి అమ్మ దాకా పదమూడు పేర్లు రాసింది. కింద తమ ఎనిమిది పేర్లూ రాసింది. మొత్తం ఇరవై ఒకటి అని వేసింది. షీమీ రోజున విందు ఇచ్చేదే ఆ పోయిన పెద్దలు, వాళ్ళు హాజరు కాకుండా ఎలా ఉంటారు? టౌన్ ఆఫీసులో గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టాడు. స్థావరం వాళ్ళూ చదవకుండానే ఇరవై ఒక్క మందికి అనుమతి ఇచ్చారు.

గేటు దగ్గర మాత్రం చదివారు. కాపలావాడు నకాసొనే ఈ దీవి కుర్రాడే, అమెరికా సార్జెంటుకీ ఊరివాళ్ళకీ మధ్య మాట అటూ ఇటూ చేసేది అతనే.

"అత్తా, కాగితంలో ఇరవై ఒక్కరున్నారు. మీరేమో ఎనిమిది మందే వచ్చారు. తక్కిన పదముగ్గురేరీ?"

"లోపలే ఉన్నారుగా నాయనా."

అతను ఉన్నదున్నట్టు సార్జెంటుకి చెప్పేశాడు. చెప్పాక గానీ ఆ మాట ఎలా వినిపిస్తుందో అతనికే తట్టలేదు. అప్పటికే సార్జెంటు ఫోనందుకున్నాడు. గేటు కంటబడకుండా పదముగ్గురు స్థావరంలో జొరబడ్డారట! రెండు జీపులు దుమ్ము రేపుకుంటూ కొండవాలుకి పరిగెత్తాయి. సిపాయిలు తుపాకులు పట్టుకుని పొదలన్నీ వెతికి, ముళ్ళు గీరుకుపోయి, పదకొండు దాటాక ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

నకాసొనే జాబితా మళ్ళీ చూశాడు. ఒక పేరు మీద అతని వేలు ఆగింది.

"అత్తా... ఈ చిబానా ఉషి ఎవరు?"

"మా అమ్మ. ఈ ఏడు ముప్పైమూడోది. నీకు వేరే చెప్పాలా?"

అతనికి చెప్పక్కర్లేదు. అతని కుటుంబం సమాధి రన్‌వే కింద ఉంది. అనుమతి అడగడానికి కూడా అతనికి చోటు లేదు. తలొంచుకుని సార్జెంటుకి విషయం చెప్పాడు.

సార్జెంటు పగలబడి నవ్వాడు. వెనకున్న సిపాయిలకి చెప్పి వాళ్ళనీ నవ్వించాడు. ఆ నవ్వుకి మకాతో అరికాలి మంట నెత్తికెక్కింది. చంపినవాళ్ళు, పాతిపెట్టిన చోటుకి కంచె వేసినవాళ్ళు, పైగా నవ్వు కూడానా!

నవ్వు ఆపుకుని సార్జెంటు ఏదో అన్నాడు. నకాసొనే దాన్ని ఊరి మాటలోకి మార్చాడు.

"జాబితా, మనుషులూ సరిపోవాలట. ఆ పదమూడు పేర్లూ కొట్టేసి, 'హాజరు కాలేదు' అని సంతకం పెడితే వెంటనే పంపిస్తారట."

సేయ్‌కో తొందరపడ్డాడు. "కాగితమే కదక్కా, గీత పెట్టెయ్. పన్నెండు కావస్తోంది. పంది మాంసం కూడా చల్లారిపోయింది."

"నీ తిండి గోల తగలెయ్య! అమ్మ రాలేదని నా చేత్తో రాయమంటావా? ఇవాళ?"

"అమ్మకి తెలీదా అక్కా, మనం దేనికి రాశామో?"

"నాకు తెలుస్తుందిరా!"

ఆమెకి గుర్తుంది. యుద్ధంలో కుటుంబాల రిజిస్టర్లన్నీ కాలిపోతే, కొత్తవి రాయించడానికి రెండేళ్ళ తర్వాత ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా అమ్మ పేరు అందంగా రాశాడు. సిరా ఆరకముందే దాని మీద అడ్డంగా గీత కొట్టాడు, చనిపోయినవాళ్ళకి అలాగే చేస్తారని. ఆవేళ మకాతో నోరు మెదపలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ గీత ఆమె గొంతుకి అడ్డం పడే ఉంది.

"ఒకసారి కొట్టించాను, చాలు" అంది. "తమ్ముడూ, చాప పరువు."

"ఎక్కడా?"

"ఇక్కడే. కనబడనివాళ్ళకి దూరం నుంచి దణ్ణం పెట్టుకోవడం మనకి కొత్తా?"

గేటుకి సరిగ్గా మధ్యలో చాప పడింది. పెట్టెలు తెరుచుకున్నాయి. పంది మాంసం, వేయించిన టోఫు, ముడివేసిన సముద్రపు నాచు, ముప్పైమూడోది శుభం కింద లెక్క కాబట్టి ఎర్ర రంగు అద్దిన పిండిముద్దలు. ఎనిమిది మందీ కొండకేసి తిరిగి కూర్చున్నారు. వెనక ఒక లారీ ఆగింది. దాని వెనక కార్లు, దొరసాన్ల కార్లతో సహా, చెరకు తోట దాకా బారు తీరాయి. హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగాయి.

"లేవమంటున్నాడత్తా" అన్నాడు నకాసొనే.

"మా అమ్మ తినకముందే నన్ను లేవమనే మొనగాడెవడో వచ్చి లేపమను!"

సార్జెంటు అరిచాడు, టోపీ తీసి నేలకేసి కొట్టాడు. అరవై రెండేళ్ళ ముసలమ్మను ఎత్తి అవతల పడెయ్యడానికి మాత్రం అంతమంది జనం ముందు ధైర్యం చాల్లేదు. ఈలోగా కార్ల బారులోంచి ఎవరో పెద్ద ఆఫీసరు దిగి అతని మీద విరుచుకుపడ్డాడు. సార్జెంటు చెయ్యి విసిరాడు. కాగితం ఎలా ఉంటే అలాగే వెళ్ళండి, ముందు దారి వదలండి!

నకాసొనే గేటు రిజిస్టరు తెరిచి 'లోపలికి: 21' అని రాశాడు. సార్జెంటు చూడకుండానే సంతకం గిలికాడు.

మిగిలింది ఇరవై నిమిషాలు. అందులో పది కొండ ఎక్కడానికే పోయాయి. సమాధి వాకిట్లో, అమ్మ పడిపోయిన చోటే, మకాతో అన్నం పెట్టి కప్పులో సారా పోసింది. "అమ్మా, ఆలస్యమైంది. నా తప్పు కాదు" అంది. ఇంకా చాలా చెప్పాలనుకుంది. నెత్తి మీంచి విమానం వెళ్ళింది, ఆ మోతలో ఏమీ చెప్పలేకపోయింది. మోత ఆగాక మళ్ళీ "అమ్మా" అని పిలిచింది. ఆఖరి పిలుపు విమానం చప్పుడులో కలిసిపోతే ఆమె ఊరుకోదు. ఆ తర్వాత కింద జీపు హారన్ కొట్టింది.

తిరిగొచ్చేటప్పటికి సార్జెంటు భోజనానికి వెళ్ళాడు. నకాసొనే రిజిస్టరు ముందు కలం పట్టుకుని నిలబడ్డాడు.

"బయటికి ఎంతమంది అత్తా?"

"కళ్ళు లేవా? ఎనిమిది."

"లోపలికి ఇరవై ఒకటి రాశాను. తేడా ఉంటే ఏమిటో రాయాలి."

"ఉన్న మాట రాయి."

అతను అటూ ఇటూ చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కుదురుగా, ఒక్కో అక్షరం దిద్దుతూ, స్థావరం వారి రిజిస్టర్లో ఇలా రాశాడు: 'చిబానా కుటుంబం. బయటికి: 8. ఇంకా లోపలే ఉన్నవారు: 13.' దాని మీద స్థావరం ముద్ర కొట్టాడు.