నల్ల పట్టీ కింద ఎర్ర దీపం

"తొయ్యవే, గట్టిగా! పొద్దున ఏం తిన్నావ్, గాలా?"

స్టీరింగు ముందు కూర్చున్న మొగుడు అంబ్వెనె కిటికీలోంచి చెయ్యి ఊపాడు. పొద్దున్నే గాలి తినే తీరిక కూడా లేదు బూపెకి. కుంపటి రాజేసి, అరటికాయలు ఉడకేసి, అత్తగారికి టీ పెట్టి, పిల్లకి జడలల్లి, ఆ తడి చేతులతోనే వచ్చి బండి వెనక నిలబడింది. రాత్రంతా కురిసిన వానకి తుకుయు కొండ ఊరి మట్టి జిగురుగా ఉంది. కాలు జారితే? బండి వెనక్కి దొర్లితే? గుమ్మంలో నిలబడ్డ కూతురు లుగానో ఆటగా పరిగెత్తుకొచ్చి చక్రం పక్కన పడితే? ఏ పని చేస్తున్నా ఆమె మనసు ఒక అడుగు ముందే పోయి చావుని చూసొస్తుంది. "ఇంట్లోకి పోవే తల్లీ, చలి," అని పిల్లకి అరిచి చెప్పి, నడుముకి చుట్టిన కంగా గుడ్డ బిగించి తోసింది. పల్లంలో ఇంజిన్ అందుకుంది. పొగ ఆమె మొహాన కొట్టి అంబ్వెనె ఆఫీసుకి వెళ్ళిపోయాడు. వెళ్ళొస్తానని అనలేదు. తోసిన మనిషికి చెప్పి వెళ్ళేవాడెవడు?

అది జపాన్ నుంచి దిగిన పాత వ్యాను. తాళం తిప్పగానే లోపలున్న చిన్న పెట్టెలోంచి ఒక ఆడగొంతు వాళ్ళ భాషలో ఏదో చెబుతుంది. రోజూ అదే మాట, అదే మెత్తదనం. ఊళ్ళో ఇలాంటి బండ్లు చాలా ఉన్నాయి, అందులోని ఆవిడల మాట మాత్రం ఎవరికీ అర్థం కాదు. "బండికి పెళ్ళాంరా ఇది," అంటాడు అంబ్వెనె స్నేహితులతో. "ఇంట్లో దానిలాగే. కళ్ళు తెరిస్తే సణుగుడు. అర్థం చేసుకోకపోతే ఎంత సుఖమో!" వాళ్ళు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ బూపె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

వానాకాలం మొదట్లో స్టీరింగు వెనక బ్యాటరీ బొమ్మతో ఎర్ర దీపం వెలిగింది. పక్కన కోడి కెలికినట్టు జపాన్ అక్షరాలు. అంబ్వెనె రెండు రోజులు విసుక్కుని, మూడో రోజు నల్ల ప్లాస్టిక్ పట్టీ తెచ్చి దానిమీద అంటించేశాడు. "చూశావా? బాగైపోయింది." ఆ తర్వాత బండి పొద్దున్నే లేవడం మానేసింది. బ్యాటరీ నెత్తిన పెట్టుకుని చార్జింగు కొట్టుదాకా నడిచింది బూపె. లోపలి ఆసిడ్ కారి కంగాకి చిల్లి పడింది. ఆ చుక్క పిల్ల కంట్లో పడితే ఏమయ్యేదని వారం రోజులు వణికింది. కొత్త బ్యాటరీ వేయించారు. అదీ చచ్చింది. "రేడియో పెట్టి మర్చిపోయి ఉంటావ్," అన్నాడు అంబ్వెనె. రేడియో ఎలా పెట్టాలో కూడా ఆమెకి తెలియదు. "దాని చెయ్యి పడితే కుంపటే ఆరిపోతుంది, బ్యాటరీ ఒక లెక్కా?" అంది అత్తగారు. మెకానిక్ మూత ఎత్తి చూసి, "బ్యాటరీలు ఇప్పుడన్నీ నాసిరకం బాబూ, ఇంకోటి వెయ్యండి," అన్నాడు. తప్పెప్పుడూ బ్యాటరీదే. ఎంత మోసినా చివరికి ఖాళీ అయిందన్న పేరు దానికే.

బూపె వినేది, మాట్లాడకూడదు గనక. కోడలు మామగారి కళ్ళ ముందుకి రాకూడదు, ఆయన పేరు పలకకూడదు, తన గొంతు ఆయన చెవిన పడనివ్వకూడదు. చదువుకున్న ఇళ్ళల్లో ఇవన్నీ పోయాయి. ఈ ఇంట్లో పోలేదు. పెళ్ళైన దగ్గర్నుంచి మామగారి అడుగుల చప్పుడు వినబడితే తలుపు చాటుకి తప్పుకోవడమే. బండిలో ఆయన ముందు సీట్లో కూర్చుంటే, ఆమె మూటలూ గిన్నెల మధ్య చివరి సీట్లో, మొహం మీదకి గుడ్డ లాక్కుని, పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నోరు కట్టేసిన మనిషికి చెవులు పెద్దవవుతాయి. అలా విన్నది: తాళం తిప్పినప్పుడే మాట్లాడాల్సిన జపాన్ ఆవిడ ఒక్కోసారి నడిదారిలో కూడా అదే మాట చెబుతోంది. ఎండలో కాదు, వానలో. లైట్లు, ముందద్దం మీద వాన తుడిచే తుడుపుకర్రలు రెండూ నడుస్తున్నప్పుడే.

ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టి పక్కన హీటర్ కూడా వేస్తే బల్బు గుడ్డిదై, రేడియో ఆగి మళ్ళీ మొదట్నించీ మొదలవుతుంది. ఆవిడా అంతే. కరెంటు చాలక కళ్ళు మూతలు పడి, మళ్ళీ లేచి, ఇప్పుడే నిద్ర లేచాననుకుని పలకరిస్తోంది.

ఒక మధ్యాహ్నం అంబ్వెనె, "ఇంజిన్ ఆగనివ్వకు, ఇప్పుడే వస్తా," అని పక్కింటికి పోయాడు. బూపె స్టీరింగు ముందుకెక్కి లైట్ల మీట తిప్పింది. పట్టీ అంచున సన్నటి ఎర్ర గీత మెరిసింది. తుడుపుకర్రలు కూడా వేసింది. గీత లావైంది. ఆవిడ పలికింది. అన్నీ ఆపేసింది. గీత చల్లారింది. ఇంకోసారి చేసింది, తనని తాను నమ్మక. అదే జరిగింది. బ్యాటరీ తప్పు కాదిది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు దాన్ని నింపాల్సింది డైనమో అని చార్జింగు కొట్టులో విన్నది. ఆ డైనమో నింపట్లేదు. ఉన్నదంతా వాడుకుంటున్నారు, తిరిగి పోసేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే చెప్పింది. అంబ్వెనె పొట్ట పట్టుకుని నవ్వాడు. "బడిపిల్లల యూనిఫారాలు కుట్టేదానివి, డైనమో సంగతి నీకెందుకమ్మా డాక్టరమ్మా?"

"పొగమంచులో లైట్లు ఆరిపోతే? పిల్ల ఉంటుంది బండిలో."

"నీకు కలలో కూడా శవాలే కనిపిస్తాయేమో!"

నిజమే, కనిపిస్తాయి. అన్నం చల్లారుతుంటే ఆమె మాట కూడా చల్లారిపోయింది.

మామగారి చెల్లెలు పోయిందని కబురొచ్చింది. చావింట్లో వండటానికి కోడళ్ళు వెళ్ళి తీరాలి. పెద్ద గిన్నెలు, అరటి గెలలు, బియ్యం, అన్నీ బూపే ఎక్కించింది. ఎక్కించాక బండి కూడా బూపే తోసింది. మామగారు ముందు, అత్తగారు మధ్యలో, ఆమె వెనక. లుగానో ఛాతీలో పొద్దుట్నించీ పిల్లికూతలు. ఎంబెయా ఊరి వైపు కొండ ఎక్కేకొద్దీ మంచు దిగింది. పట్టపగలే దారి మాయమైంది. అంబ్వెనె లైట్లు వేశాడు, తుడుపుకర్రలు వేశాడు.

జపాన్ ఆవిడ పలికింది.

"ఆవిడకీ చావు కబురు అందినట్టుందిరా," అంది అత్తగారు. అంబ్వెనె నవ్వాడు.

మళ్ళీ పలికింది. ఈసారి మాట సగంలో తెగింది. మంచు మీద పడుతున్న వెలుగు తెలుపు కాస్తా పసుపైంది. తుడుపుకర్రలు ముసలివాళ్ళలా ఈడుస్తున్నాయి. బూపె ముందుకి వంగి అత్తగారి చెవిలో గుసగుసలాడింది: "అత్తయ్యా, బండి ఆపమని చెప్పండి. లైట్లు పోతున్నాయి."

"నోర్ముయ్! మీ మామ ఉన్నారు."

ఎదురుగా ఎక్కడో లారీ హారన్. ఒళ్ళో పిల్ల ఊపిరి కూత. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తెరవకపోతే ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు.

"లుగానో నాన్నా, బండి పక్కకి తియ్యి!"

గొంతు బండంతా నిండింది. ముందు సీట్లో మామగారి టోపీ కదిలి, కదలకుండా ఆగిపోయింది. "తుడుపుకర్రలు ఆపు. ఇంజిన్ ఆపకు, ముందు రోడ్డు దిగు. ఇప్పుడే!"

విస్తుపోయి అంబ్వెనె స్టీరింగు తిప్పాడు. చక్రాలు గడ్డి ఎక్కాయి. లైట్లు పూర్తిగా ఆరాయి, ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. వాళ్ళు ఇప్పుడే వదిలిన రోడ్డు మీదుగా టీ ఆకు లారీ ఒకటి గర్జించుకుంటూ దిగిపోయింది. దాని గాలికి వ్యాను ఊగింది.

ముందుగా తేరుకున్నది అత్తగారు. "మామ ముందు నోరెత్తింది! దీనికి పరిహారం ఇచ్చుకోవాలి, కోడిపుంజుతో పోయేది కాదు." మామగారు అద్దంలోంచి మంచుని చూస్తున్నారు.

అంబ్వెనె తాళం తిప్పాడు. టిక్కు. మళ్ళీ టిక్కు. చెవులు ఎర్రబడ్డాయి. "నీ పరిహారం సంగతి ఇంటికెళ్ళాక చూస్తా. ముందు దిగి తొయ్యి."

బూపె దిగింది. పిల్లని కంగాలో చుట్టి వీపుకి కట్టుకుంది. ముందుకి నడిచి, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి పెట్టి, నల్ల పట్టీ గోటితో గీరి పీకింది. దాని కింద దీపం ఇంకా వెలుగుతోంది, వెలుగుతున్నట్టే కనబడనంత సన్నగా.

"బస్సులొచ్చే మలుపు దగ్గర ఉంటాం, పిల్లా నేనూ," అంది. మామగారికి కూడా వినబడేట్టే అంది, ఇక దాచడానికి గొంతు మిగల్లేదు గనక. "నేను తొయ్యను."