అవతలి వీధిలో కాపలా

తడి దుప్పటి రెండు చివర్లూ పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే అది గాలిలో పొంగి మెల్లగా కిందికి దిగుతుంది. దిగేలోపే దాన్ని రోలర్ నోటికి అందించాలి. కాస్త ఆలస్యమైతే అంచు ముడుచుకుపోతుంది, ముడుచుకున్నదాన్ని మళ్లీ తడపాలి. మూడో మెషిన్ దగ్గర నిలబడ్డ మనిషికి ఈ పని నిద్రలో కూడా వచ్చు. నిద్రలో చేస్తాడనే వాళ్లక్క అంటుంది కూడా. రాత్రి కప్పుకున్న దుప్పటి తెల్లారేసరికి చక్కగా మడతపెట్టి కాళ్ల దగ్గర ఉంటుందట.

ఆ ఉదయం మాత్రం దుప్పట్లు వరసగా ముడుచుకున్నాయి. ఎడమ చెయ్యి మాట వినడం లేదు. భుజం నుంచి మోచేతి దాకా ఏదో బరువు వేలాడుతున్నట్టుంది. రాత్రి పక్క సరిగ్గా పడలేదేమో అనుకుని అతను చెయ్యి దులుపుకున్నాడు.

ఆసుపత్రులకీ హోటళ్లకీ దుప్పట్లు ఉతికిచ్చే లాండ్రీ అది. గోడలకి ఎప్పుడూ చెమట పట్టి ఉంటుంది. కిటికీ అద్దాల్లోంచి బయట ఎండో వానో తెలియదు. ఏళ్ల తరబడి ఆవిరిలో నానీ నానీ అతని ముంజేతుల మీద వెంట్రుకలన్నీ ఊడిపోయాయి, గోళ్లు మెత్తబడి తెల్లగా పాలిపోయాయి. అన్నం కలుపుకుంటున్నా చేతులకి సబ్బు వాసనే. మొహం మాత్రం ఒకసారి చూస్తే గుర్తుండే మొహం కాదు. రెండుసార్లు చూసినా గుర్తుండదని చెప్పడానికి సూపర్‌వైజరే సాక్షి.

"ఏమయ్యా మూడో మెషిన్, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు సూపర్‌వైజర్, ముడుచుకున్న దుప్పట్ల కుప్ప చూసి.

"బాగానే ఉందండీ."

"మొహం అలా లేదే. డాక్టర్ దగ్గరికి వెళ్లు."

"రేపు వెళ్తానండీ."

ఇవాళ కుదరదు మరి. ఇవాళ ఇంటి దగ్గర పని ఉంది. ఆ పని ఏమిటో చెబితే సూపర్‌వైజర్ నిజంగానే డాక్టర్‌ని పిలిపించేవాడు.

షిఫ్టు అయ్యాక చేతులు కడుక్కుంటూ అతను మూటల వైపు చూశాడు. లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. పని పూర్తికాని మూటకి ఎర్ర గుడ్డ పీలిక కడతారు. అది కట్టి ఉన్నంతసేపూ ఆ మూట ఎవరూ ముట్టుకోకూడదు, యజమాని వచ్చినా సరే. కట్టినవాడే వచ్చి విప్పాలి. పొద్దున పనికి వచ్చేముందు అలాంటి పీలికే ఒకటి ఇంట్లో కంప్యూటర్ స్విచ్‌కి కట్టి వచ్చాడు. కట్టాడో లేదోనని దారి పొడుగునా అనుమానం. మేడమెట్లు ఎక్కుతుంటే మధ్యలో ఊపిరి అందలేదు. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని నిలబడి, మళ్లీ ఎక్కాడు.

తలుపు దగ్గరే అక్క ఎదురైంది, చెప్పులు వేసుకుంటూ. దర్జీ దుకాణంలో ఆమెది మధ్యాహ్నం పని. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం.

"నీ ఎర్ర పీలిక జోలికి పోలేదు. ఆ పక్కన చీపురు కూడా పెట్టలేదు," అంది అడక్కముందే. "గిన్నెలో అన్నం ఉంది. తిని కూర్చో. అలా ఉన్నావేంట్రా?"

"మెట్లెక్కొచ్చాగా."

"ఆకాశంలో వాచ్‌మన్ ఉద్యోగం. జీతమా లేదు, పెన్షనా లేదు. కనీసం ఒక టోపీ అన్నా ఇచ్చారా వాళ్లు?"

అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూనే మెట్లు దిగిపోయింది. తమ్ముడు ఎంతో కొంత నవ్వేది ఆ కంప్యూటర్ విషయంలోనే కాబట్టి ఆమె దాన్ని మరీ తిట్టేది కాదు.

అతనికి మాటలు రావు. మూగవాడని కాదు, సమయానికి రావు. పెళ్లైన రెండో ఏడు భార్య పుట్టింటికి వెళ్లింది. గొడవేమీ లేదు. మాటా పలుకూ లేని ఇంట్లో ఉండలేనంది, అంతే. తిరిగి రమ్మనడానికి ఎలా మొదలుపెట్టాలా అని అతను ఆలోచిస్తూ ఉండగానే ఏళ్లు గడిచిపోయాయి. ఆమె చీరల పెట్టె మాత్రం ఇప్పటికీ అటక మీదే ఉంది. ఎప్పుడన్నా వస్తే సామాను కనపడాలి కదా అంటాడు.

కంప్యూటర్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. తెర మీద నల్లటి ఆకాశం, దూరంగా ఒక ఎర్రటి సూర్యుడు. పొద్దున వదిలివెళ్లిన చోటే అతని చిన్న ఓడ ఉంది. అతనికి తప్ప మరెవరికీ కనపడదు.

ఆ ఆటలో లోకం రెండు రకాలు. ఒక భాగంలో పోలీసులు తిరుగుతుంటారు, ఎవడైనా ఎవడి ఓడనైనా కాలిస్తే వచ్చి పట్టుకుంటారు. రెండోదాంట్లో పోలీసు లేడు, చట్టం లేదు. ఎవడు నిలబడగలిగితే చోటు వాడిది. అలాంటి చోట ఒక మూల నక్షత్రాన్ని అతని జట్టు ఏళ్లుగా అంటిపెట్టుకుని ఉంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పెరడు. అక్కడ రాళ్లు తవ్వారు, ఓడలు కట్టారు, పెద్ద గిడ్డంగి ఒకటి లేపారు. ఒకప్పుడు సాయంత్రమైతే సంతలా ఉండేది. పెళ్లిళ్లయి కొందరు, ఉద్యోగాలు మారి కొందరు, విసుగొచ్చి కొందరు రావడం మానేశారు. ఇప్పుడు మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది.

ఈ సంగతి పక్క నక్షత్రంలో ఉన్న పెద్ద జట్టుకి తెలియదు. తెలిసిన రోజున పెరడు పోతుంది. ఎలాగూ నిలబెట్టుకోలేం, సామాను తీసుకుని పోలీసులున్న వైపుకి వెళ్లిపోదామని వాళ్ల నాయకురాలు నిర్ణయించింది. ఆమె ఏదో లారీల కంపెనీలో బండ్లు పంపే పని చేస్తుంది. ఆమెని ఈ ఆటలోకి తెచ్చిన మొగుడు నెలలోనే మానేశాడు గానీ ఆమె ఉండిపోయింది. అందుకని అందరికీ వదిన. ఆ వదిన ఇతన్ని బాబాయ్ అంటుంది. వరసలు కుదరవు గానీ ఎవరికీ పట్టింపు లేదు. సామాను మోసేవాడి పేరు పెళ్లికూతురు. గొంతు వింటే కోర మీసాలవాడని తెలుస్తుంది. కానీ అతని సరుకు ఓడ అంత నెమ్మదిగా, తల వంచుకున్నట్టు నడుస్తుంది.

ఆటలో ఇతని పేరు మడత. మడత చేసే పని కాపలా. శత్రువులు పెరటికి వచ్చే దారి అవతలి వీధిలోంచే ఉంది. అవతలి వీధి అంటే ఆ పక్క నక్షత్రమే, వాళ్ల వీధి. అక్కడికి వెళ్లి, కనపడకుండా కూర్చోవాలి. ఓడ కనపడకపోయినా ఆ వీధిలో ఎవరెవరు ఉన్నారో చెప్పే జాబితాలో పేరు కనపడుతుంది, దాన్ని దాచడానికి లేదు. దాచనక్కర్లేదు కూడా. ఆ పేరే వాళ్లకి భయం. మడత ఓడలో ఒక దీపం ఉంది. అది వెలిగిస్తే ఎక్కడో ఉన్న దండు మొత్తం కన్ను మూసి తెరిచేలోపు వచ్చి దీపం పక్కన దిగుతుంది. కొన్నేళ్ల కిందట ఒకసారి వెలిగించాడు. వాళ్ల అతి పెద్ద యుద్ధనౌక, నెలల తరబడి కట్టుకున్నది, ఆ సాయంత్రమే బూడిదైంది. అప్పటినుంచీ జాబితాలో మడత అని కనపడితే చాలు, వాళ్లు పెద్ద ఓడల్ని రేవులోంచి బయటికి తియ్యరు.

ఇప్పుడు దీపం వెలిగించినా దిగడానికి దండు లేదు. ఆ సంగతి దాచిపెడుతున్నదల్లా అతని మౌనమే.

కాపలాకి ఒకటే నియమం. అవతలి వీధిలో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. శత్రువులు పలకరించినా, సొంతవాళ్లు పిలిచినా పలకకూడదు. మైకు కట్టేసి ఉంచాలి. వాళ్లు నిజంగా కదిలితే మాత్రం "కదిలారు" అని ఒక్క మాట. ఉన్నాడో, నిద్రపోయాడో, బజారుకి వెళ్లాడో తెలియకపోవడంలోనే ఉంది భయమంతా. పనికి వెళ్లినప్పుడు కూడా కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, అతని బదులు పేరు కాపలా కాస్తుంది. రోజూ తెల్లవారుజామున ఆట నడిపేవాళ్లు దాన్ని కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడతారు. అప్పుడు మాత్రం అందరి పేర్లూ చెరిగిపోతాయి. రేపు ఆ సమయానికి పెరడు ఖాళీ కావాలి.

నిన్న సాయంత్రం లెక్కలు వేసుకుంటుంటే వదిన అంది, "మానేసినవాళ్ల ఓడలు వదిలేద్దాం. వాళ్లెటూ రారు. మన సామాను దాటితే చాలు."

ఎప్పుడూ మాట్లాడని బాబాయ్ అప్పుడు మాట్లాడాడు. "వాళ్లవి కూడా తీసుకురండి. నేను కూర్చుంటాను."

"వాళ్లు ఆటే మర్చిపోయి ఉంటారు బాబాయ్."

"వస్తే? వచ్చి చూసుకుంటే ఏదీ లేదనుకో."

పెళ్లికూతురే, సరే, ఇంకో నాలుగు ట్రిప్పులెక్కువ, పోయేదేముంది అన్నాడు.

ఇప్పుడు చెవిలో పెళ్లికూతురి గొంతే వినిపిస్తోంది. ఇప్పటికి మన సామాను అయిపోయింది, ఇక మానేసినవాళ్లదేనని చెబుతున్నాడు. మడత ఒక ముద్ద అన్నం తిన్నాడు. రెండోది సహించలేదు. గిన్నె పక్కన పెట్టి మూత వేశాడు.

తెర అడుగున శత్రువుల నాయకుడి మాటలు వచ్చాయి. "ఏం ముసలాడా, ఉన్నావా? కుర్చీలోనే గుర్రు పెడుతున్నావా?"

మడత పలకలేదు.

కాసేపటికి రేవులోంచి ఒక పెద్ద ఓడ ముక్కు బయటపెట్టింది. అతని వేలు మైకు మీట మీదికి వెళ్లింది. ఓడ పూర్తిగా బయటికి వచ్చి ఆగింది. నాలుగు దిక్కులా చూస్తున్నట్టు నిలబడింది. మాట నాలుక చివరే ఉంది. అంతలో ఎవరు వద్దన్నారో, ఆ ఓడ మెల్లగా వెనక్కి తిరిగి రేవులోకి వెళ్లిపోయింది.

అతనికి నవ్వొచ్చింది. లాండ్రీలో ఇన్నేళ్లు నిలబడితే పేరు తెలిసినవాడు లేడు, ఇక్కడ పేరు చూసి కొండంత ఓడ వెనక్కి తిరిగింది. చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో చెయ్యి బరువు ఛాతీలోకి పాకడం కొంచెం ఆలస్యంగా తెలిసింది. అక్క వచ్చేదాకా ఓపిక పడదామనుకున్నాడు. లేచి వెళ్లి కింద ఇంటివాళ్ల తలుపు తట్టవచ్చు. కానీ ఆ ఓడ మళ్లీ వస్తే చెప్పేవాడుండాలి. కుర్చీలో కాస్త పక్కకి జరిగి గోడకి తల ఆన్చాడు. గోడ చల్లగా, హాయిగా ఉంది. కళ్లు తెర మీదే ఉన్నాయి.

చెవిలో వదినా పెళ్లికూతురూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. శత్రువు ఇంకోసారి పలకరించాడు. మడత పలకలేదు. పలకకపోవడం అతని పద్ధతే కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

వీధి దీపాలు వెలిగే వేళకి అక్క వచ్చింది. మూత వేసి ఉన్న గిన్నె చూసి, తినలేదని తిట్టడానికి నోరు తెరిచింది. అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. చాలాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని నేల మీద కూర్చుంది. సబ్బు వాసన వేస్తోంది.

కింద ఇంటివాళ్లు వచ్చారు. డాక్టర్ వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లాడు. అతన్ని మంచం మీదికి చేర్చేటప్పుడు హెడ్‌ఫోన్ జారి కుర్చీలో పడింది. అందులోంచి సన్నగా మాటలు వినిపిస్తుంటే ఆమె తీసి చెవికి ఆనించుకుంది.

"బాబాయ్, ఆఖరి మూట కూడా దాటేసింది," అంటోంది ఒక ఆడగొంతు. "ఒక్కళ్లది కూడా వదల్లేదు. ఎవరొచ్చినా వాళ్ల సామాను వాళ్లకుంటుంది. ఇక నువ్వూ వచ్చెయ్."

"అమ్మా," అంది అక్క. "మా తమ్ముడు లేడమ్మా. పోయాడు."

మైకు కట్టేసి ఉందని ఆమెకి తెలియదు.

"సరే సరే, మాట్లాడకులే బాబాయ్, నియమం నీది," అని నవ్వింది ఆడగొంతు. "విన్నావని తెలుసు. మెల్లగానే రా."

అక్క హెడ్‌ఫోన్ తీసి అతను ఎప్పుడూ తగిలించే మేకుకే తగిలించింది. అప్పుడు ఏడ్చింది.

గది సర్దుతూ కింద ఇంటాయన స్విచ్‌ల వైపు చెయ్యి చాపాడు. "ఇదెందుకమ్మా, ఊరికే నడుస్తోంది. కట్టేద్దామా?"

"వద్దన్నయ్యా," అంది ఆమె. "వాడు కట్టాడు. వాడే విప్పాలి."

ఆయనకి అర్థం కాలేదు. అయినా ఇలాంటప్పుడు అడగకూడదనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొయ్యి ఆర్పారు, ఫ్యాను ఆపారు. అతన్ని తీసుకెళ్లడానికి మనుషులొచ్చారు, మెట్లు ఇరుకని ఒకరికొకరు చెప్పుకుంటూ దించారు. అక్క కూడా వాళ్లతో వెళ్లింది. అవతలి వీధిలో జాబితాలో ఉన్న ఆ పేరు చూసి పెద్ద ఓడలు తెల్లవార్లూ రేవు దాటి రాలేదు, అప్పటికే ఖాళీ అయిపోయిన పెరటి కోసం.

తెల్లవారుజామున ఆట ఆగింది. జాబితాలో పేర్లన్నీ చెరిగిపోయాయి, చిన్న ఓడ పోయింది, తెర నల్లబడింది. ఎవరూ లేని గదిలో, వేసి ఉన్న స్విచ్‌కి, గట్టిగా రెండు ముళ్లు వేసి కట్టిన ఎర్ర పీలిక మిగిలింది.