అన్నయ్య పెంచిన ఆదాయం

ఆమె దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను, పక్కన ఇస్త్రీ బల్ల, మూలన బొత్తాల డబ్బాలు. ఆ గదిని నెలాఖరుకల్లా ఖాళీ చేయమని ఇంటి యజమాని చెప్పేశాడు. కొత్త మార్కెట్టులో చిన్న సంపాదనవాళ్లకు తక్కువ అద్దెకు కొట్లు ఇస్తున్నారని విని ఆమె దరఖాస్తు పెట్టుకుంది. కిందటేడాది ఆదాయపు పన్ను రిటర్ను జత చేస్తేనే కొట్టు ఇస్తామన్నారు. శుక్రవారమే ఆఖరి రోజు. పన్ను కట్టేంత సంపాదన తనకు లేదు గనక ఆమె ఆ రిటర్ను వేయనే లేదు. దాని గడువు దాటి నెలలయింది.

కాగితాల పని అనగానే ఆ ఇంట్లో అందరి చూపూ అన్నయ్య మీదికే పోతుంది. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. చెల్లెలు ఊరికే కుట్టి ఇచ్చిన చొక్కా తొడుక్కుని, చెల్లెలేం చేస్తుందని తోటివాళ్లు అడిగితే "డిజైనింగు" అని చెప్పుకునే మనిషి. ఇలాంటివాళ్లను తలుచుకుంటేనే నాకు ఒళ్లు కంపరమెత్తుతుంది. చదువరులారా, మీ ఇంట్లో మాత్రం ఇలాంటి పెద్దమనిషి లేడంటారా?

ఆలస్యానికి జరిమానా వేస్తారేమోనని ఆమె హడలిపోయింది. అంతా తాను చూసుకుంటానని అన్నయ్య అభయమిచ్చాడు. ఏడాది పొడుగునా తీసుకున్న కూలి మొత్తం ఆమె ఒక కాగితం మీద రాసిచ్చింది. రెండు రోజుల తర్వాత ఆయన ఫారం నింపి తెచ్చి, కింద సంతకం పెట్టమన్నాడు. అన్నయ్య తెచ్చినదాన్ని చదివి చూస్తే ఆయనను అనుమానించినట్టు కాదూ? మన ఇళ్లలో నమ్మకమంటే కళ్లు మూసుకోవడమే కదా. ఆమె చదవకుండానే సంతకం పెట్టేసింది.

గురువారం ఇద్దరూ పన్నుల కార్యాలయానికి వెళ్లారు. కౌంటరులోని ఉద్యోగిని ఫారం రెండుసార్లు తిప్పి చూసింది. ఇంత సంపాదన ఉంటే పన్ను కట్టాలనీ, ఆలస్యానికి జరిమానా కూడా పడుతుందనీ, ఈ ఆదాయం చూపిస్తే మార్కెట్టులో కొట్టు ఇవ్వరనీ చెప్పింది. దర్జీ గబుక్కున ఫారం తీసుకుని చూసింది. అందులో ఆదాయం తాను రాసిచ్చిన అంకెకు నాలుగింతలుంది.

"ఇదేంటి అన్నయ్యా?"

ఆయన గొంతు తగ్గించాడు. "మరీ అంత తక్కువ ఎలా రాస్తామే? ఇక్కడ నాకు తెలిసినవాళ్లున్నారు. నా చెల్లెలు సంపాదించేది ఇంతేనా అనుకుంటే నా పరువేం కాను?"

ఛీ! చెల్లెలి బతుకు వీధిన పడ్డా ఫరవాలేదట, ఆయనగారి పరువు మాత్రం చెక్కుచెదరకూడదట. వెనక వరుసలో ఉన్నవాళ్లకు కూడా ఆ మాట వినిపించింది. ఒకాయన మొహం చిట్లించి పక్కకు తిరిగాడు.

ఉద్యోగిని కొత్త ఫారం ముందుకు జరిపింది. "ఉన్నదున్నట్టు రాయండమ్మా. పన్ను పడనంత ఆదాయమైతే, ఆలస్యమైనా జరిమానా ఉండదు. తక్కువ సంపాదించారని ఇక్కడ మిమ్మల్నెవరూ చిన్నచూపు చూడరు."

దర్జీ అక్కడే నిలబడి నింపడం మొదలుపెట్టింది. అన్నయ్య మోచేత్తో పొడిచి, కనీసం రెండింతలైనా చెయ్యమని గుసగుసలాడాడు. అప్పటికీ సిగ్గు రాలేదు ఆ మనిషికి. ఆమె వినిపించుకోలేదు. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్క గడీ చదువుకుని, అప్పుడు సంతకం పెట్టింది. పైసా కట్టకుండానే ముద్ర పడిన రసీదు చేతికొచ్చింది.

మెట్లు దిగుతూ అన్నయ్య, ఈ అంకె మాత్రం చుట్టాల్లో ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు.

ఆమె ఆగి ఆయన మొహంలోకి చూసింది.

"అడిగినవాళ్లందరికీ చెప్తాను అన్నయ్యా. నడుం విరిగేలా కుట్టి తెచ్చుకున్న డబ్బది. తక్కువ సంపాదించినందుకు నాకేం సిగ్గు లేదు. నా కష్టాన్ని కష్టమని చెప్పుకోవడానికి నీకు సిగ్గేసింది చూడు, అదీ సిగ్గుచేటు."