తుడవని గోడ

చెమ్మ పీల్చే మిషను బకెట్టు నిండి మళ్లీ కుయ్యిమంది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి. పెయ్‌జెన్ ఆ నీళ్లు స్నానాలగదిలో పారబోసి వచ్చేసరికి పడకగదిలోంచి ముక్కవాసన గుప్పుమంది. నాలుగేళ్లుగా ఆ వాసన ఆమె జుట్టులో ఉంది, కూతురు నింగ్‌నింగ్ తలగడలో ఉంది, తినే అన్నంలోనూ ఉందని ఆమె అనుమానం. మంచం పక్క గోడకు సున్నం పొక్కులు లేచి, కింద నల్లబూజు. వేలితో నొక్కితే గోడ మెత్తగా దిగబడుతుంది. ఛీ! ఏడాది పొడుగునా వాన పడే ఈ కీలుంగ్ ఊళ్లో దీన్ని గోడకు పట్టిన క్యాన్సర్ అంటారు. ఆ రోగం మాత్రం ఇంట్లో ఆడదాని వల్లే వస్తుందంటారు.

"మీ ఆవిడ కిటికీలు తీయదేమోనయ్యా," అంటాడు ఇంటి ఓనరు లియావ్, ఆమె ఎదురుగా నిలబడే ఉన్నా మొగుడి వైపు తిరిగి. "తుడిస్తే పోయేదానికి ఎందుకింత గోల?" అంటాడు మొగుడు హోంగ్‌దా. "మా రోజుల్లో పొద్దున లేస్తూనే గోడలు తుడిచేవాళ్లం. నీకు ఉద్యోగమని ఒక వంక దొరికింది," అని అత్తగారు ఫోన్లో. వీళ్లను అని ఏం లాభం? ఓనరు చూడ్డానికి వచ్చిన మూడుసార్లూ, నలుగురేమనుకుంటారో అని ముందురోజే బ్లీచింగ్ నీళ్లతో చేతులు మండేలా ఆ గోడ తోమింది తనే. ఆయన వచ్చి, ఆమె కోసిపెట్టిన జామకాయ ముక్కలు తిని, "ఏదమ్మా బూజు? నాకు కనబడదే!" అని వెళ్లిపోయేవాడు. అది తలుచుకుంటే ఆమెకు బూజు కన్నా తన మీదే ఎక్కువ రోత పుట్టింది.

పోయిన వారం డాక్టరు నింగ్‌నింగ్ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "ఈ పిల్ల ఇంక ఆ గదిలో పడుకోకూడదు," అన్నాడు. ఇంట్లో ఉన్న పడకగది అదొక్కటే. ఇవాళ ఓనరు వస్తున్నాడు. పెయ్‌జెన్ గోడ ముట్టుకోలేదు.

లియావ్ గుమ్మంలోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఏమయ్యా, ఇల్లాలన్నాక కాస్త శుభ్రం ఉండొద్దూ?"

"చెబుతూనే ఉన్నాను బాబాయిగారూ, వింటేగా!" హోంగ్‌దా ఇకిలించాడు.

"నిన్న పైవాళ్ల కిటికీలోంచి వంగి చూశాను," అంది పెయ్‌జెన్. "బయటిగోడ బారెడు పగిలి ఉంది. వాన నీళ్లు అందులోంచి దిగుతున్నాయి. అలాంటిది ఓనరే బాగుచేయించాలని మీరు సంతకం పెట్టిన ఒప్పందంలోనే ఉంది బాబాయిగారూ. దాన్ని ఏ గుడ్డతో తుడవమంటారు?"

"సరేనమ్మా, వానలు తగ్గనీ, చూద్దాం."

"కీలుంగ్‌లోనా?"

"పెద్దాయనతో ఏంటా మాటలు?" హోంగ్‌దా గొంతు లేచింది. "గుడ్డ తెచ్చి ముందు ఆ గోడ తుడువు!"

ఆమె గుడ్డ తెచ్చింది. తెచ్చి అతని చేతిలో పెట్టింది. నింగ్‌నింగ్ మందులూ బడిసంచీ భుజాన వేసుకుని, పిల్లకు బూట్లు తొడిగింది.

"ఎక్కడికి?" అడిగాడు హోంగ్‌దా.

"తైపేకి, మా అక్క దగ్గరికి. గోడ బాగుచేయించిన రోజున ఫోన్ చెయ్యి. తుడిచానని మాత్రం చెయ్యకు."